ఎనిమిదో వంతు

మా అబ్బా బట్టల కొట్టు ఖాతా పుస్తకం ఉర్దూలో రాసేవాడు. కలం కుడి నుంచి ఎడమకు నడుస్తూ పోయి, అంకె వేయాల్సిన చోట ఆగేది. కొంత జాగా వదిలి, అంకెను ఎడమ నుంచి కుడికి వేసి, మళ్ళీ ఎడమకు దూకి మాటలు అందుకునేది. అంకెలెందుకు ఉల్టా రాస్తావని చిన్నప్పుడు అడిగాను. ‘లెక్క అట్లనే రాయాలె బేటా, నాకు అట్లనే నేర్పిండ్రు’ అన్నాడు. ఆయనకు తెలిసిన చరిత్ర అంతే. కానీ ఆయన చేతికి వెయ్యేళ్ళ చరిత్ర తెలుసు.

బడిలో మాది తెలుగు మీడియం. అయిదు గజాల గుడ్డ నలభై రూపాయలైతే ఏడు గజాలెంత? నలభైని ఏడుతో గుణించు, అయిదుతో భాగించు, యాభై ఆరు. దీని పేరు త్రైరాశికం అని సారు నల్లబల్ల మీద రాశాడు. నాకది కొత్త కాదు. ఆ లెక్క కొట్లో రోజూ నోటితోనే చేసేవాళ్ళం. అందరికంటే ముందు జవాబు చెప్పాను. ‘మీవాళ్ళకు లెక్కలెందుకురా, పంక్చర్లు వేసుకోవడానికా?’ అన్నాడు సారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఒంటరివాణ్ణవుతానని ఆ వయసులోనే తెలిసింది.

ఇదంతా పాత కథ. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, విలేకరిగా రెండు రకాల సభలకు వెళ్ళడం నాకు అలవాటైపోయింది. ఒక సభలో మా పెద్దలు మైకు ముందు నిలబడి ఆల్జీబ్రా మనది, అల్గారిథమ్ అనే మాట మన అల్ ఖ్వారిజ్మీ పేరు నుంచే పుట్టింది, ప్రపంచానికి లెక్క నేర్పింది మనం అంటారు. ఇంకో సభలో ఇంకో పెద్దలు సున్నా మనది, దశాంశ స్థానాలు మనవి, అరబ్బులు వాటిని మోసుకెళ్ళారు, అంతకుమించి చేసిందేమీ లేదు అంటారు. రెండు చోట్లా చప్పట్లు ఒకే రకంగా మోగుతాయి. రెండో సభ ‘మన’లో నేను లేను. మొదటి సభ ‘మన’లో మా ఆపా లేదు. ఈ రెండో లోటు సంగతి చివర్లో చెబుతాను. ముందు ఈ రెండు గర్వాలనూ మధ్యయుగాల లెక్కల పుస్తకాల ముందు నిలబెట్టి చూద్దాం.

ఒక మాటతో మొదలుపెడతాను. ఆ మాట ‘రాశికాత్’.

అల్ బీరూనీ రాసిన ఒక చిన్న అరబీ గ్రంథం పేరులో ఈ మాట ఉంది. ‘ఫీ రాశికాతిల్ హింద్’, అంటే హింద్ దేశపు రాశికాల గురించి. సంస్కృతంలోని రాశికకు అరబీ బహువచన ప్రత్యయం ‘ఆత్’ తగిలించాడు. మా బడి త్రైరాశికం అరబీ వ్యాకరణంలోకి దిగి కూర్చుంది. భారతీయులు మూడు రాశులతో, అయిదు రాశులతో, ఏడు రాశులతో చేసే లెక్కలను బీరూనీ ఇందులో వివరించాడు. వంద రూపాయలకు నెలకు రెండు రూపాయల వడ్డీ అయితే అయిదు వందలకు ఆరు నెలలకు ఎంత అనేది అయిదు రాశుల లెక్క. జవాబు అరవై. ఏ వడ్డీ వ్యాపారైనా చెబుతాడు. బీరూనీ అక్కడితో ఆగలేదు. ఈ సూత్రం ఎందుకు పనిచేస్తుందని అడిగాడు. గ్రీకు యూక్లిడ్ నిష్పత్తుల సిద్ధాంతం తెచ్చి దానికింద పునాదిగా పెట్టాడు. లెక్క హింద్‌ది, రుజువు యునాన్‌ది, భాష అరబీ. రాసినవాడు ఖ్వారజ్మ్ మనిషి. అతనికి అరబీ తల్లిభాష కూడా కాదు, నేర్చుకున్న భాష.

ఈ పుస్తకం అచ్చయింది మన హైదరాబాదులోనే. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ బీరూనీ రిసాలాల సంపుటిని 1948లో, అంటే హిజ్రీ 1367లో ప్రచురించింది. రాశికాత్ అందులో ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఎవరు పరాయివారు, ఎవరు ఇక్కడివారు అని మనుషుల్ని గీత గీసి వేరుచేసిన ఏడాది, సంస్కృత ధాతువుకు అరబీ తోక ఉన్న ఒక మాట ఈ నగరపు అచ్చుయంత్రం మీద ఎక్కింది. ఆ యాదృచ్ఛికానికి పెద్ద అర్థం అంటగట్టను. కానీ హైదరాబాదు గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఈ సంగతి నాకు కనబడలేదు. మా చరిత్ర రాసేవాళ్ళు చార్మినారు దగ్గరా బిర్యానీ దగ్గరా ఆగిపోతారు. మమ్మల్ని తిట్టేవాళ్ళు రజాకార్ల దగ్గర ఆగిపోతారు.

బీరూనీని కూడా ఇలాగే ముక్కలు చేసుకుని వాడుకుంటున్నాం. 1017లో గజ్నవీ మహమూద్ ఖ్వారజ్మ్‌ను గెలిచాక అతన్ని గజ్నీకి తరలించాడు. 1030 ప్రాంతంలో రాసిన ‘కితాబుల్ హింద్’లో, మేము వాడే అంకెలు హిందువుల అంకెల్లోని మేలైన రూపాల నుంచి తీసుకున్నవే అని అతను సూటిగా ఒప్పుకున్నాడు. అదే పుస్తకంలో, తమ దేశాన్ని మించిన దేశం లేదు, తమ విద్యను మించిన విద్య లేదు అనుకునే ఇక్కడి పండితుల గర్వాన్ని ఎండగట్టాడు. అదే పుస్తకంలో మహమూద్ దాడులు ఈ దేశపు సంపదను నాశనం చేశాయనీ రాశాడు. ఒక వర్గం మొదటి మాట తీసుకుంటుంది. ఇంకో వర్గం రెండో మాట తీసుకుంటుంది. తన సుల్తాను మీద రాసిన మూడో మాట జోలికి మా సభల్లో ఎవరూ పోరు. మూడు మాటల్నీ కలిపి చదివితే ఒక మనిషి కనిపిస్తాడు. ఎవరి దగ్గర అప్పు తీసుకున్నాడో చెబుతాడు, ఎక్కడ ఒప్పుకోడో చెబుతాడు, తన పక్షం వాళ్ళ తప్పునూ దాచడు. నేను మధ్యయుగపు లెక్క అంటున్నది ఈ స్వభావాన్నే.

ఆ కాలపు లెక్కల్లో రెండు లోకాలున్నాయి. ఒకటి తత్వవేత్తల సంఖ్య, రెండోది బజారు లెక్క. అరబీలో వీటికి పేర్లే వేరు. సంఖ్యల స్వభావాన్ని విచారించేది ‘ఇల్ముల్ అదద్’. కూడిక, తీసివేత, వాటా, వడ్డీ చేసేది ‘హిసాబ్’.

మొదటి లోకం గ్రీకుల నుంచి వచ్చింది. నికోమాకస్ రాసిన సంఖ్యాశాస్త్రాన్ని తొమ్మిదో శతాబ్దంలో సాబిత్ ఇబ్న్ ఖుర్రా అరబీలోకి తెచ్చాడు. ఇతను ముస్లిం కాదు, హర్రాన్‌కు చెందిన సాబియన్. ఈ లోకంలో పెద్ద ప్రశ్న, ఒకటి అనేది సంఖ్యేనా? కాదన్నాడు అల్ కిందీ. సంఖ్యలన్నీ ఒకటితో పుడతాయి, కానీ ఒకటి సంఖ్య కాదు. సంఖ్య అంటే ఒకట్ల పోగు, ఒకటి పోగు కాదు కదా. పదో శతాబ్దంలో బస్రాలో ఇఖ్వానుస్సఫా అనే పేరుతో రాసిన పండితుల బృందం తమ యాభై పైచిలుకు రిసాలాల్లో మొట్టమొదటిదాన్ని సంఖ్యకే ఇచ్చింది. ఒకటి నుంచి సంఖ్యలన్నీ పుట్టినట్టు సృష్టికర్త నుంచి సృష్టి అంతా పుట్టిందన్నారు వాళ్ళు. ఒకటి చీలదు, మారదు, తరగదు. తౌహీద్‌కు ఇంతకంటే అందమైన ఉపమానం దొరకదు. చదువుతుంటే నా మనసు కూడా నిండింది.

అయితే విమర్శకుడు మనసు నిండిన చోట ఆగకూడదు. ఈ ఒకటి ఎవరి అంగట్లో పనికొస్తుంది? గుడ్డ చింపేవాడికి ఒకటి చీలి తీరాలి. అర గజం కావాలి, పావు కావాలి. వారసులు నలుగురుంటే ఆస్తి అనే ఒకటి నాలుగు చోట్ల చీలాలి. చీలని ఒకటి గురించి మాట్లాడేవాళ్ళకు పంపకాల బాధ లేదు. పంపకాలు చేసేవాళ్ళకు చీలని ఒకటితో పని లేదు. మధ్యయుగాల గొప్పతనం ఈ రెండు లోకాల్లో ఏ ఒక్కదానిలోనో లేదు. అవి ఒకదాని తలుపు ఒకటి తట్టిన చోట ఉంది. ఒకటి సంఖ్య కాదని వాదించిన ఆ కిందీయే హింద్ లెక్కల వాడకం మీద కూడా పుస్తకం రాసినట్టు పాత గ్రంథసూచి చెబుతోంది. 1077లో ఉమర్ ఖయ్యాం యూక్లిడ్ మీద వ్యాఖ్యానం రాస్తూ, రెండు రాశుల నిష్పత్తిని కూడా సంఖ్యలాగా చూడవచ్చా అని అడిగాడు. తత్వవేత్తలు కట్టిన గోడకు బజారు వైపు నుంచి పడిన సందు అది.

బజారు అని తేలిగ్గా అంటున్నాం కానీ, ఆ లెక్కకు ఆనాడు పరువు లేదు. ఇబ్న్ సీనా అంతటి వాడు హింద్ లెక్కలు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తన ఆత్మకథలో చెప్పాడు. బుఖారాలో ఒక కూరగాయల వ్యాపారి దగ్గర. తండ్రే పంపించాడు. ఆ వ్యాపారి పేరు మన సభల్లో ఎప్పుడైనా విన్నామా?

952-53లో డమాస్కస్‌లో అల్ ఉఖ్లీదిసీ ‘హింద్ లెక్కల అధ్యాయాలు’ రాశాడు. అప్పటిదాకా ఈ లెక్క ధూళి పరిచిన పలక మీద చేసేవారు. అంకె వేయడం, వేలితో చెరపడం, మళ్ళీ వేయడం. చివరికి జవాబు తప్ప ఏమీ మిగలదు. ఉఖ్లీదిసీ ఆ పద్ధతుల్ని కాగితానికీ సిరాకూ తగ్గట్టు మార్చాడు. చెరపకుండా చేయడం అంటే చేసిన ప్రతి మెట్టూ మిగలడం, ఇంకొకడు సరిచూసే వీలుండడం. అతను చెప్పిన కారణాల్లో ఒకటి చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. ధూళి పలక వీధుల్లో జోస్యం చెప్పి పొట్టపోసుకునేవాళ్ళ చేతుల్లో ఉంటుంది కాబట్టి మర్యాదస్తులు దాన్ని పట్టుకోవడానికి సిగ్గుపడతారట. విద్య అదే, పనిముట్టును బట్టి పరువు. మన దేశంలో పుట్టినవాళ్ళకు ఈ మాట విడమరచి చెప్పాలా? పంక్చర్లు వేసే చేతికి లెక్కలెందుకని అడిగిన సారు గుర్తుకొచ్చాడు. ముస్లిం సమాజంలో అష్రాఫ్, అజ్లాఫ్ తేడాలు లేవని బుకాయించే మా పెద్దలూ గుర్తుకొచ్చారు. కాగితం మీదికి ఎక్కిన లెక్క కింద వీధివాడి ధూళి ఉంది.

ఇక ‘మోసుకెళ్ళారు’ అనే మాట సంగతి చూద్దాం. మోసేవాడు మూట విప్పడు. వీళ్ళు విప్పారు. ధూళి పలక నుంచి కాగితానికి మార్చిన ఉఖ్లీదిసీ పుస్తకంలోనే దశాంశ భిన్నాలు కనిపిస్తాయి. 1427లో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ తన ‘మిఫ్తాహుల్ హిసాబ్’లో వాటికి పూర్తి పద్ధతి కట్టాడు. పదో శతాబ్దపు అబుల్ వఫా సర్కారీ గుమాస్తాల కోసం రాసిన లెక్కల పుస్తకంలో, మూడులోంచి అయిదు తీసేస్తే రెండు ‘అప్పు’ అన్నాడు. సున్నా కంటే తక్కువైన సంఖ్యకు బజారు భాషలో పేరు పెట్టాడు. ఇవన్నీ మోతగాళ్ళ పనులా?

మరి ‘అంతా మనదే’ అనే మా వాళ్ళ మాట? అల్ మామూన్ కాలంలో, 813-833 మధ్య, బగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ అంకెల పద్ధతి మీద పుస్తకం రాశాడు. ఆ అరబీ మూలం ఇప్పుడు లేదు. లాటిన్ రూపాలే మిగిలాయి. వాటిలో కూడా ఈ లెక్క హింద్‌దని స్పష్టంగా ఉంది. ఉఖ్లీదిసీ పుస్తకం పేరులోనే హింద్ ఉంది. బీరూనీ పుస్తకం పేరులోనూ ఉంది. తీసుకున్న చోటు పేరును వాళ్ళు పుస్తకం నుదుట రాసుకున్నారు. వాళ్ళ పేరు చెప్పుకునే మనం ఆ ఒక్క మాట చెరిపేశాం. ఇది వాళ్ళకు చేసే గౌరవం కాదు. ఇంకొక్క సంగతి. ఈ పేర్లలో హింద్ అనేది ఒక నేల పేరు. దాన్ని ఒక మతం పేరుగా అనువదించుకుని ఇప్పటి కొట్లాటలోకి లాక్కొచ్చేవాళ్ళు కూడా పుస్తకం చదవనివాళ్ళే. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో ‘గణితసారసంగ్రహం’ రాసిన మహావీరాచార్యుడు జైనుడు. అందులో త్రైరాశికానికి ఒక అధ్యాయమే ఉంది. ఆ పుస్తకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. రాజరాజనరేంద్రుడి కాలం వాడని సాహిత్య చరిత్రలు చెబుతాయి. అంటే పదకొండో శతాబ్దంలోనే హింద్ లెక్క ఇటు మల్లన చేతిలో తెలుగులోకీ, అటు బీరూనీ చేతిలో అరబీలోకీ వచ్చింది. నా రెండు భాషలూ ఒకే శతాబ్దంలో ఒకే బడికి వెళ్ళాయి. నన్ను రెండుగా చీల్చి ఏ సగం నీదని అడిగేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

మాటలు కూడా ఇలాగే తిరిగాయి. శూన్యం అరబీలో సిఫ్ర్ అయింది. ఉత్తరాఫ్రికాలోని బిజాయా రేవులో చదువుకున్న పీసా నగరపు లియొనార్డో 1202లో రాసిన పుస్తకంలో జెఫిరమ్ అయింది. అక్కడి నుంచి జీరో అయింది. 1299లో ఫ్లోరెన్స్ సర్రాఫుల సంఘం తన సభ్యుల ఖాతా పుస్తకాల్లో ఈ అంకెల్ని నిషేధించింది కూడా. పరాయి అంకెల మీద అనుమానం ఒక్కచోటిది కాదన్నమాట. తెలుగు కోమటి కొట్టులో కూర్చుని జమ, బాకీ, వసూలు అంటాడే, ఆ మూడూ అరబీ మాటలు. జమ అంటే కూడిక, బాకీ అంటే మిగిలింది. ఉర్దూ ఖాతాలో మా అబ్బా వేసిన అంకెలు ఇక్కడివి, తెలుగు ఖాతాలో శెట్టిగారు రాసిన మాటలు అక్కడివి. ఇద్దరి కలాలూ ఈ గుట్టు తెలియకుండానే జీవితాంతం సరిగ్గా లెక్క రాశాయి.

ఇంత చెప్పాక కూడా స్వర్ణయుగం అనే మాట నేను వాడను. భాస్కరాచార్యుడు 1150లో రాసిన ‘లీలావతి’ని అక్బర్ కోసం ఫైజీ 1587లో పారశీకంలోకి తెచ్చాడు. రెండు సంస్కృతులు కలిసిన ఉదాహరణగా ఉపన్యాసాల్లో ఇది తప్పకుండా వస్తుంది. కానీ అదే లీలావతిలో వ్యస్త త్రైరాశికానికి ఇచ్చిన ఒక లెక్క ఏమిటి? పదహారేళ్ళ ఆడమనిషి ధర ఇంతైతే, ఇరవయ్యేళ్ళ ఆడమనిషి ధర ఎంత? వయసు పెరిగితే ధర తగ్గుతుంది కాబట్టి అది వ్యస్తం. ఖ్వారిజ్మీ ఆల్జీబ్రాలో కూడా బానిసల విడుదల, బాందీల ధర మీద లెక్కలున్నాయి. సున్నా ఎవరిదని కొట్టుకునే రెండు సభల్లోనూ ఈ బాందీ ఎవరిదని అడిగేవాళ్ళు లేరు. లెక్క నిజమే చెబుతుంది. ఏ ప్రశ్న అడగాలో మాత్రం అధికారం ఉన్నవాడు నిర్ణయిస్తాడు.

అందుకే నాకు ఖ్వారిజ్మీ పుస్తకంలో మొదటి సగం కంటే రెండో సగం ముఖ్యమనిపిస్తుంది. ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ అంటే సమీకరణాల పుస్తకమని మనకు తెలుసు. వారసత్వాలు, వసీయతులు, పంపకాలు, దావాలు, వ్యాపారం, భూమి కొలతలు, కాలువ తవ్వకాలు, వీటిలో జనానికి పనికిరావాలని రాస్తున్నానని ముందుమాటలోనే చెప్పాడు. పుస్తకంలో దాదాపు సగం వసీయతులూ వాటాలే. ఒక లెక్క చూడండి. ఒక స్త్రీ చనిపోయింది. భర్త, ఒక కొడుకు, ముగ్గురు కూతుళ్ళు ఉన్నారు. ఆస్తిలో ఎనిమిదో వంతూ ఏడో వంతూ కలిపి ఒక పరాయి మనిషికి వసీయతు చేసింది. ఎవరికెంత? ఆస్తిని 1120 భాగాలు చేయాలి. పరాయివాడికి 300. మిగిలిన 820లో భర్తకు నాలుగో వంతు 205, కొడుక్కి 246, కూతుళ్ళకు తలా 123. కూడి చూసుకోండి, ఒక్క భాగం కూడా తప్పిపోదు. ఇందులో నన్ను పట్టుకున్నది గణితం కష్టం కాదు. ఆ స్త్రీకి సొంత ఆస్తి ఉంది. దాన్ని ఎవరికివ్వాలో చెప్పే నోరుంది. ఆమె కూతుళ్ళ పేర వాటా ఉంది, ఆ వాటా అంకెతో సహా కాగితం మీద ఉంది.

ఫరాయిజ్ లెక్కల్లో ఇంకా గొప్ప చిక్కు ఒకటుంది. ఒకాయన భార్యనూ, ఇద్దరు కూతుళ్ళనూ, తల్లినీ, తండ్రినీ వదిలి చనిపోయాడు. భార్యకు ఎనిమిదో వంతు, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు. ఇరవై నాలుగు భాగాల్లో చూస్తే 3, 16, 4, 4. కూడితే ఇరవై ఏడు! ఉన్నది ఇరవై నాలుగు, హక్కులు ఇరవై ఏడు. ఏం చేయాలి? సున్నీ న్యాయశాస్త్రం ఎవర్నీ తీసేయలేదు. ఆస్తిని ఇరవై ఏడు భాగాలు చేసి అందరి వాటా అదే పాళ్ళలో తగ్గించింది. దీని పేరు ఔల్. హజ్రత్ అలీ మింబర్ మీద ఉన్నప్పుడు ఈ చిక్కు అడిగితే, ఆమె ఎనిమిదో వంతు తొమ్మిదో వంతైందని అక్కడికక్కడే చెప్పారని సంప్రదాయ కథ. షియా న్యాయశాస్త్రం ఔల్‌ను ఒప్పుకోదు, దాని దారి వేరు. ఔల్ వెనకున్న ఆలోచన గమనించండి. నష్టం వచ్చినప్పుడు అందరం కొంత కొంత భరిద్దామే తప్ప అడగలేని మనిషిని జాబితాలోంచి కొట్టేద్దామని అనలేదు. తత్వవేత్తల చీలని ఒకటి కంటే ఈ చీలిన ఒకటిలోనే నాకు దీన్ ఎక్కువ కనిపిస్తుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

2011లో అబ్బా పోయాడు. అమ్మీ, మేం ఇద్దరన్నదమ్ములం, ముగ్గురు ఆపాలు. లెక్క ఇంత సులువుగా ఏ పుస్తకంలోనూ ఉండదు. అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతుల్లో కొడుక్కి రెండు, కూతురికి ఒకటి. ఇద్దరు కొడుకులకు నాలుగు, ముగ్గురు కూతుళ్ళకు మూడు. సరిగ్గా ఎనిమిది. ప్రతి ఆపాకూ ఎనిమిదో వంతు. కూతురికి కొడుకులో సగమే ఎందుకనే ప్రశ్న వేరే ఉంది, అది అడగాల్సిన ప్రశ్నే. మేం ఆ సగం కూడా ఇవ్వలేదు. ఇల్లూ కొట్టూ కలిపి 24 లక్షలకు అమ్మాం. ముగ్గురికీ చీరలు పెట్టాం. ‘మాఫ్ కర్ దేవ్’ అన్నాం. సంతకాలు పెట్టారు. మా వీధిలో ఇలా చేయని ఇల్లు నాకు తెలియదు. నమాజు తప్పితే నిలదీసే పెద్దలు ఈ విషయంలో మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. ఆ ఏడాదే నేను ఒక సభలో ఖ్వారిజ్మీ గురించి ఉపన్యాసం ఇచ్చాను. బాగా చప్పట్లు కొట్టారు.

కొన్నేళ్ళ తర్వాత పెద్దాపా భర్త మంచాన పడ్డాడు. ఆపా కుట్టుమిషన్ పెట్టుకుంది. పలకరించడానికి వెళితే చాయ్ ఇస్తూ, తల ఎత్తకుండా అంది: ‘ఎనిమిదో వంతంటే మూడు లక్షలు కదరా.’ ఆపా అయిదో తరగతి దాటలేదు. అబ్బా కొట్లో లెక్క నేర్చుకుంది మాతో పాటే. అంతే అంది. తర్వాత చక్కెర సరిపోయిందా అని అడిగింది.

ఇమామ్ గజాలీ తన ‘అల్ మున్కిజ్’లో లెక్కల విద్య వల్ల రెండు ప్రమాదాలు రావచ్చన్నారు. లెక్కలు చూసి మురిసిపోయి ఆ తత్వవేత్తలు చెప్పిందంతా నిజమనుకునేవాడు మొదటి ప్రమాదం. ఆ విద్యలన్నిటినీ తిరస్కరిస్తేనే ఇస్లాంకు సాయం చేసినట్టనుకునే తెలివితక్కువ స్నేహితుడు రెండో ప్రమాదం. ఇవాళ మూడో ప్రమాదం కూడా వచ్చింది. లెక్కను తిరస్కరించడు, నేర్చుకోడు, గోడకు పటం కట్టి దండ వేస్తాడు. పూర్వీకుల ఆల్జీబ్రా గురించి మైకులో అరుస్తూ ఇంట్లో చెల్లెలి వాటా మింగుతాడు. ఆ మూడోవాణ్ణి నేనే. అవతలి సభలో సున్నాకు దండ వేసేవాళ్ళ ఇళ్ళలో ఆడపిల్లల వాటాల సంగతి వాళ్ళు చూసుకోవాలి. నేను నా ఇంటి ఖాతా తెరుస్తున్నాను.

మైనారిటీగా బతికేవాడికి గతం పెద్ద ఓదార్పు. ‘మీకేం తెలుసు’ అన్న సారుకు జవాబు చెప్పాలని ముప్పై ఏళ్ళు ఖ్వారిజ్మీని జేబులో పెట్టుకు తిరిగాను. ఆ కోపం న్యాయమైనదే. దాన్ని వదులుకోమని ఎవరినీ అడగను. కానీ నా జేబులోది అతని పేరే, పుస్తకం కాదు. పుస్తకం తెరిస్తే అందులో సారుకు జవాబు కంటే ముందు ఆపాకు బాకీ కనిపించింది.

అబుల్ వఫా పద్ధతిలో రాసుకున్నాను. నా హక్కు రెండు వంతులు. నేను తిన్నది మూడున్నర. రెండులోంచి మూడున్నర తీసేస్తే ఒకటిన్నర అప్పు. వంతు మూడు లక్షల చొప్పున నాలుగున్నర లక్షలు, ముగ్గురు ఆపాలకూ తలా లక్షన్నర. అన్నయ్య తన లెక్క తాను చూసుకోవాలి, అతనికి ఈ కాగితం చూపించాను. నేను కట్టడం మొదలుపెట్టాను. పెద్దాపాది తీరింది. మిగతా ఇద్దరిదీ ఇంకా బాకీ.